కేంద్రం లేని నెట్‌వర్కుల్లో దీర్ఘ రచనలు: కువైట్ పాఠకుల దారి

వికేంద్రిత సామాజిక నెట్‌వర్కు అంటే ఒకే కంపెనీ గుప్పిట్లో లేనిది. ఒక్కో సర్వరును ఒక్కొక్కరు నడుపుతారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న నియమాల సాయంతో పోస్టులు ఒక్క సర్వరుకే పరిమితం కాకుండా ఇతరులకూ చేరతాయి. మాస్టడాన్, నాస్టర్ ఈ కోవలోవి. ఒక కంపెనీ చేతుల్లో మొదలైన బ్లూస్కై కూడా ఈ దారినే ఎంచుకుంది. రాసేవారికి ఇందులో స్వేచ్ఛ ఎక్కువ. ఉన్నచోటు నచ్చకపోతే ఫాలోవర్లను వెంటబెట్టుకుని మరో సర్వరుకు మారిపోవచ్చు. చదివేవారికే చిక్కు. అన్నీ ఒకచోట పరిచి చూపే ముంగిలి ఈ నెట్‌వర్కుల్లో చాలావాటిలో ఉండదు. రెండు వాక్యాల చమత్కారం చేతులు మారుతూ తనంతట తానే వచ్చేస్తుంది. నాలుగు వేల మాటల వ్యాసం అలా రాదు. ఎవరో ఒకరు దాన్ని చివరిదాకా చదివి, బాగుందని నమ్మి, మరొకరికి పేరుతో సహా చెప్పాలి. వికేంద్రిత నెట్‌వర్కుల్లో దీర్ఘ రచనల భవిష్యత్తు చాలావరకు ఈ చెప్పేవాళ్ల మీదే ఆధారపడి ఉంది.

కువైట్ చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది. దాదాపు వందేళ్లుగా ఆ చిన్న దేశం పెద్ద రచనలను పాఠకుల దాకా తీసుకెళ్లడానికి రకరకాల దారులు తొక్కింది. పరాయి దేశంలో అచ్చయిన పత్రికలు, ప్రభుత్వ ఖర్చుతో వచ్చిన చవక పుస్తకాలు, ఎవరికి వారు నడుపుకున్న బ్లాగులు, పెద్ద కంపెనీల ఫీడ్లు, డిజిటల్ భాండాగారం అన్నీ అక్కడ ఉన్నాయి. జనాభాలో మూడింట రెండొంతులకు పైగా విదేశీయులు. భారతీయులే సుమారు పది లక్షలు. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు వీరిలో చాలామంది. అరబిక్‌లో రాసేవారికీ, కువైట్‌లోని ఫర్వానియాలో గది పంచుకుని ఉంటూ ఫోనులో తెలుగు కథ చదివేవారికీ ఈ విషయంలో ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఒకటే.

అచ్చు వేసి పంచిన కాలం

కువైట్ తొలి పత్రికను 1928లో చరిత్రకారుడు అబ్దుల్ అజీజ్ అల్ రుషైద్ తెచ్చారు. పేరు ‘అల్ కువైత్’. అప్పటికి దేశంలో అచ్చుయంత్రమే లేదు. ఆ పత్రికను కైరోలో అచ్చు వేయించి తెప్పించేవారు. 1946లో ఈజిప్టులో చదువుకునే కువైటీ విద్యార్థుల కేంద్రం నుంచి ‘అల్ బిఅసా’ అనే మాసపత్రిక మొదలై 1954 దాకా నడిచింది. రాసేవారు ఒకచోట, అచ్చు మరోచోట, చదివేవారు ఇంకోచోట. రేవుల గుండా, వర్తకుల సంచుల్లో, దివానియాల్లో (ఇళ్ల ముందుగదుల్లో మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే సమావేశాలు) ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ ఆ ప్రతులు తిరిగాయి.

చమురు డబ్బు వచ్చాక పద్ధతి మారింది. 1958 డిసెంబరులో ‘అల్ అరబీ’ తొలి సంచిక వెలువడింది. దానికి సంపాదకుడిగా ఈజిప్టు రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జకీని పిలిపించారు. ఆయన 1975 దాకా ఆ పనిలో ఉన్నారు. ఖర్చు కువైట్ ప్రభుత్వానిది. పాఠకులు మాత్రం మొరాకో నుంచి గల్ఫ్ దాకా అరబ్బీ చదవగలిగే ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. 1973లో సంస్కృతి, కళలు, సాహిత్యాల జాతీయ మండలి ఏర్పడింది. ఆ మండలి 1978 జనవరి నుంచి ‘ఆలం అల్ మఅరిఫా’ పేరుతో నెలకొక పుస్తకం వేయడం మొదలుపెట్టింది. కవి అహ్మద్ ముషారి అల్ అద్వానీ, తత్వశాస్త్ర ఆచార్యుడు ఫువాద్ జకరియ్యా ఆ వరుసకు పునాది వేశారు. నాగరికత మీద హుస్సేన్ మునిస్ రాసిన గ్రంథం అందులో మొదటిది. విజ్ఞానం, చరిత్ర, ఆర్థికం, మనస్తత్వం, ఏ విషయమైనా సరే, సామాన్యుడు కొనగలిగే ధరకు నెలనెలా పత్రికల దుకాణానికి వచ్చేది. పాఠకుడు వెతుక్కునే పనే లేకపోయింది.

పెద్ద రచనకు పాఠకులు ఉండరనే వాదానికి ‘అల్ అరబీ’, ‘ఆలం అల్ మఅరిఫా’ గట్టి జవాబు. చదివేవారు ఎప్పుడూ ఉన్నారు. చేరవేసే ఏర్పాటు ఉన్నచోట చదివారు కూడా. అయితే ఏర్పాటంతా ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా కువైటే చూసింది. 2014 తర్వాత నాలుగైదేళ్లలో సమాచార శాఖ నాలుగు వేలకు పైగా పుస్తకాలను నిషేధించింది. ఆ జాబితాలో గార్సియా మార్క్వెజ్ నవల కూడా ఉంది. 2018లో రచయితలూ పాఠకులూ వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. 2016లో తక్వీన్ అనే పుస్తకాల దుకాణాన్ని, ప్రచురణ సంస్థను స్థాపించిన నవలా రచయిత్రి బుసైనా అల్ ఈసా ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. ఒక పుస్తక సెన్సారు అధికారి పుస్తకాల మోహంలో పడిపోయే కథతో ఆమె రాసిన నవల ఆంగ్లానువాదం 2024లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు చేరింది. 2020 ఆగస్టులో పార్లమెంటు ముద్రణ చట్టాన్ని సవరించి, పుస్తకం దిగుమతికి ముందే శాఖ ఆమోదం పొందాలన్న నిబంధనను తీసేసింది. ఇప్పుడు అభ్యంతరం ఉన్నవారు కోర్టుకు వెళ్లాలి.

బ్లాగుల దశాబ్దం

కేంద్రం లేని నెట్‌వర్కు కొత్త ఊహేమీ కాదు. 1980లో మొదలైన యూజ్‌నెట్ అలాంటిదే. ఒక్కో విశ్వవిద్యాలయం తన సర్వరు నడుపుకుంటూ పక్కవాళ్లకు సందేశాలు పంపేది. 1990ల్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లోని తెలుగు బృందంలోనే పద్యాల మీద, వ్యాకరణం మీద పేజీలకు పేజీలు వాదించుకున్నారు. తెలుగు లిపి తెర మీద కనబడని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన రోమన్ లిప్యంతరీకరణ పద్ధతిలో రాసుకునేవారు. ఆ వాతావరణంలోంచే 1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది.

కువైట్‌లో ఈ ఊపు 2003 తర్వాత బ్లాగులతో వచ్చింది. ఒక్కో బ్లాగుకు పక్కన ఒక చిన్న జాబితా ఉండేది, ఆ రచయిత తాను చదివే ఇతర బ్లాగుల పేర్లతో. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాఠకుడు నడిచి వెళ్లేవాడు. 2006లో పార్లమెంటు నియోజకవర్గాలను ఇరవై ఐదు నుంచి ఐదుకు తగ్గించాలని యువత నారింజ రంగు జెండాలతో ఉద్యమించినప్పుడు ఈ జాబితాల బలం తెలిసింది. పాత బజారు మైదానం పేరు పెట్టుకున్న ‘సాహత్ అల్ సఫాత్’ వంటి బ్లాగులు వార్తలతో పాటు నియోజకవర్గాల లెక్కలు, ఓట్ల కొనుగోలు, రాజ్యాంగ అంశాలపై పొడుగాటి విశ్లేషణలు ఇచ్చాయి. జనం వాటిని అచ్చు తీసి దివానియాలకు తీసుకెళ్లారు. ఆ జులైలోనే పార్లమెంటు ఐదు నియోజకవర్గాల చట్టం చేసింది. కేంద్రం లేని చోట పెద్ద రచనలు పాఠకుల్ని చేరి, ఒక దేశపు ఎన్నికల పద్ధతి మార్పులో పాలుపంచుకున్న సందర్భమిది.

అదే కాలంలో తెలుగులో వీవెన్ నడిపిన కూడలి, తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఇలాంటి పనే చేశాయి. ఏ బ్లాగులో కొత్త టపా పడినా దాని పేరు, తొలి వాక్యాలు ఆ పేజీలోకి వచ్చేవి. పొద్దున్నే కూడలి తెరిస్తే ఎవరు ఏం రాశారో తెలిసేది. దుబాయిలో, కువైట్‌లో, డాలస్‌లో కూర్చున్నవారు ఒకే పేజీ చూసేవారు. ఆ సంకలినులు చేసిన సేవకు తెలుగు సాహిత్య చరిత్రలో ఇంకా తగిన చోటు దొరకలేదు.

బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. దానికి ముందే రచయితలు ట్విటర్‌కు, ఫేస్‌బుక్‌కు, తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కు తరలుతున్నారు. కువైటీలు ట్విటర్‌ను ఎంతగా అందుకున్నారంటే రాజకీయ చర్చ దాదాపు అంతా అక్కడికే మారిపోయింది. పక్క జాబితాలు పోయాయి. ఏది ఎవరికి కనబడాలో కంపెనీ లెక్కలు నిర్ణయించడం మొదలైంది. ఆ లెక్కల్లో తమ యాప్ నుంచి బయటికి లాగే లంకెకు విలువ తక్కువ. దీర్ఘ రచనకు తగిలిన దెబ్బల్లో పెద్దది ఇదే.

ఒక వ్యాసం ఎంతదూరం వెళ్తుంది

2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో మాస్టడాన్‌ను విడుదల చేశారు. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, మాస్టడాన్ సర్వర్లు పోస్టులు చేరవేసుకోవడానికి వాడే యాక్టివిటీపబ్ అనే నియమావళిని ఆమోదించింది. 2022 అక్టోబరులో ట్విటర్ చేతులు మారాక జనం ఇటు కదిలారు. ఆ తర్వాత పెద్ద రచనల సాధనాలు మరిన్ని ఈ ప్రపంచంలోకి వచ్చాయి. బ్లాగులను ఈ నెట్‌వర్కులతో కలపడానికి మథియాస్ ఫెఫర్లే రాసిన యాక్టివిటీపబ్ ప్లగిన్‌ను ఆటోమాటిక్ సంస్థ 2023లో తీసుకుని వర్డ్‌ప్రెస్.కామ్ సైట్లన్నిటికీ అందుబాటులో పెట్టింది. ఘోస్ట్ అనే ప్రచురణ వేదిక ఇదే సదుపాయాన్ని 2024లో ప్రకటించి 2025 ఆగస్టులో తన ఆరో వెర్షన్‌తో పూర్తిగా ఇచ్చింది. రైట్‌ఫ్రీలీ అంతకుముందే ఉంది, మొదటినుంచీ రాతకోసమే పుట్టినది.

అసలు ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కువైట్‌లోని సాల్మియాలో ఉండే ఒక తెలుగు నర్సు తన ఆస్పత్రి జీవితం మీద మూడు వేల మాటల వ్యాసం రాసి రైట్‌ఫ్రీలీలో పెట్టిందనుకుందాం. ఆమెకు యాభైమంది ఫాలోవర్లు ఉంటే, వాళ్లున్న సర్వర్లకు మాత్రమే వ్యాసం వెళ్తుంది. నియమావళి చిన్న పోస్టుకు ‘నోట్’ అనీ, పెద్ద రచనకు ‘ఆర్టికల్’ అనీ వేర్వేరు రకాలు పెట్టింది. చాలా ఏళ్లపాటు మాస్టడాన్ ఆర్టికల్‌ను శీర్షికగా, ఒక లంకెగా కుదించి చూపింది. చుట్టూ ఐదు వందల అక్షరాల పోస్టులు, మధ్యలో ఎవరిదో తెలియని లంకె. కన్ను దాటిపోతుంది.

ఇక ఆమెను ఎవరూ ఫాలో కాని సర్వరులో ఆ వ్యాసం లేనట్టే లెక్క. అక్కడి పాఠకుడు ‘నర్సు’, ‘కువైట్’ అని ఎంత వెతికినా రాదు, ఎందుకంటే ఆ సర్వరుకు అది ఎన్నడూ చేరలేదు. ఎవరో చెబితే వచ్చి ఆమెను ఫాలో అయినా పాత వ్యాసాలు వెంట రావు. ఆ రోజు నుంచి రాసేవే వస్తాయి. చిన్న పోస్టులకు ఇది పెద్ద నష్టం కాదు, నిన్నటి ముచ్చట ఇవాళ ఎవరికీ అక్కర్లేదు. పెద్ద రచన బలం పాతబడకపోవడంలోనే ఉంది. ఐదేళ్ల కిందటి వ్యాసం కొత్త పాఠకుడికి కొత్తదే. ఈ ఒక్క లోపాన్ని సరిచేయడం మిగతా హంగులన్నిటికన్నా ముందు జరగాల్సిన పని.

బ్లూస్కై వాడే ఏటీ ప్రోటోకాల్ పద్ధతి వేరు. అక్కడ రిలేలు అనే సర్వర్లు అన్ని ఖాతాల రాతనూ ఒక ప్రవాహంగా పోగుచేస్తాయి కాబట్టి వెతుకులాట సులువు. పోస్టు మూడు వందల అక్షరాలే. కానీ వైట్‌విండ్, లీఫ్‌లెట్ వంటి అనువర్తనాలు పూర్తి వ్యాసాన్ని రచయిత సొంత ఖాతా నిల్వలోనే దాచి చూపుతాయి. వేర్వేరు అనువర్తనాల వ్యాసాలను ఒకే రూపంలో గుర్తించేలా స్టాండర్డ్.సైట్ అనే ఉమ్మడి నమూనా కూడా వచ్చింది. 2023 నుంచి ఎవరైనా తమ సొంత ఫీడు కట్టి అందరికీ ఇవ్వవచ్చు: పెద్ద వ్యాసాల లంకెలున్న తెలుగు పోస్టులు మాత్రమే చూపే ఫీడు ఒకటి కట్టడం ప్రోగ్రామింగ్ వచ్చినవారికి కష్టమేం కాదు. నాస్టర్‌లో దీర్ఘ రచనకు ప్రత్యేకమైన రకం నిర్ణయించి ఉంది. హబ్లా, యాకిహొన్నె వంటివి దాన్ని చదివిస్తాయి.

చెప్పేవాళ్లు

నెట్‌వర్కు ఎలాంటిదైనా పాఠకుల్ని నిజంగా చేర్చేది మనుషులు. మాస్టడాన్‌లో ఒకరు ‘బూస్ట్’ చేస్తేనే, అంటే తన ఫాలోవర్లకు తిరిగి పంచితేనే, రచయిత ఫాలోవర్లు లేని సర్వర్లకు వ్యాసం దాటుతుంది. బృంద ఖాతాలు కొన్ని ఉన్నాయి. వాటిని ప్రస్తావిస్తూ పోస్టు చేస్తే, ఆ పోస్టును తమ సభ్యులందరికీ తిరిగి పంపుతాయి. పాత బ్లాగుల పక్క జాబితా చేసిన పనిని బ్లూస్కైలో 2024 జూన్‌లో వచ్చిన ‘స్టార్టర్ ప్యాక్‌లు’ (ఫాలో కావడానికి సూచించే ఖాతాల జాబితాలు) కొంతవరకు చేస్తున్నాయి.

రచయిత పేరు నిలవడం వీటన్నిటికన్నా ముఖ్యం. గల్ఫ్ తెలుగువారికి కథలు, వ్యాసాలు ఎక్కువగా అందేది వాట్సాప్‌లో. గురువారం రాత్రి, శుక్రవారం సెలవు నాడు గ్రూపుల్లో మంచి కథలే తిరుగుతాయి. కానీ చివర రచయిత పేరుండాల్సిన చోట ‘సేకరణ’ అని ఉంటుంది. చదివి కన్నీళ్లు పెట్టుకున్న పాఠకుడికి ఆ రచయిత ఇంకో కథ చదవాలని ఉన్నా దారి లేదు. అన్వేషణ అక్కడితో తెగిపోతుంది. మాస్టడాన్ 2024లో ఇందుకు ఒక మంచి ఏర్పాటు తెచ్చింది. వెబ్‌పేజీలో రచయిత తన ఖాతాను ఒక వరుసలో పేర్కొని, ఆ సైటును తన ఖాతా సెట్టింగుల్లో అనుమతిస్తే, మాస్టడాన్‌లో ఆ లంకె ఎవరు పంచినా కింద రచయిత పేరు కనబడుతుంది; దాన్ని నొక్కితే ఆయన ఖాతా తెరుచుకుంటుంది. చిన్న పనే. తెలుగు వెబ్ పత్రికలన్నీ దీన్ని చేర్చుకోవాలి.

భాష సెట్టింగు కూడా ఇలాంటిదే. మాస్టడాన్ పోస్టు రాసేటప్పుడు ఏ భాషలో రాస్తున్నామో ఎంచుకోవచ్చు. ఫోను ఇంగ్లిషులో ఉంటే అది ఇంగ్లిషు అనే అనుకుంటుంది. తెలుగు పోస్టులు మాత్రమే చూడాలని పెట్టుకున్న పాఠకుడికి అప్పుడు ఆ తెలుగు వ్యాసం అందదు. హ్యాష్‌ట్యాగులు మరింత చెల్లాచెదురు: కువైట్, కువైత్, కువాయిట్ మూడూ వాడుకలో ఉన్నాయి, ఒకదానికింద పెట్టింది మరొకదాంట్లో కనబడదు. వెతుకులాట యంత్రం ‘కువైట్‌లో’, ‘కువైట్‌నుంచి’ అనే రూపాలను వేరే మాటలుగా చూస్తే పాఠకుడికి సగమే దక్కుతుంది. మాటలకు ముందు ఉపసర్గలు అతుక్కునే అరబ్బీకీ ఇదే బాధ. ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని కట్టిన సాధనాలు ఈ విషయంలో రెండు భాషలకూ అన్యాయమే చేస్తున్నాయి. ఒక చిన్న బృందం కూర్చుని, పెద్ద వ్యాసాలకు ఫలానా ట్యాగు, కథలకు ఫలానా ట్యాగు అని ఒప్పందానికి వస్తే సగం సమస్య తీరుతుంది.

కనబడటం వల్ల వచ్చే చిక్కు

కువైట్ 2015 నాటి 63వ నంబరు చట్టంతో ఆన్‌లైన్ నేరాలకు శిక్షలు నిర్ణయించింది. అది 2016 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ వార్తా ప్రచురణలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2016లోనే 8వ నంబరు చట్టం వచ్చింది. మతాన్ని గానీ, అమీరును గానీ కించపరిచే రాత అచ్చులో ఎంత నేరమో తెర మీదా అంతే. సర్వరు ఏ దేశంలో ఉందన్నది కువైట్‌లో కూర్చుని రాసేవారికి పెద్ద రక్షణ కాదు. వలస కార్మికులకు ఇంకో భయం ఉంది. వారి నివాస అనుమతి యజమాని పూచీతో ముడిపడి ఉంటుంది. ఇంటిపనికి వెళ్లిన ఆమె తన అనుభవం పూర్తిగా రాస్తే, అది అందరికీ దొరకడం ఆమెకు మేలు చేయకపోవచ్చు.

అందుకే పాఠకులకు దారి చూపే సాధనాలు కట్టేవారు రచయిత అనుమతిని మొదట ఆలోచించాలి. మాస్టడాన్ 2023 సెప్టెంబరులో పోస్టుల పూర్తి వెతుకులాట తెచ్చినప్పుడు, తన రాతలు వెతుకులాటలో రావాలా వద్దా అనేది రచయిత ఇష్టానికే వదిలింది. ముందుగా ఒప్పుకున్నవారివే వస్తాయి. దీనివల్ల వెతికేవారికి తక్కువ దొరుకుతుందని విమర్శ ఉంది. కువైట్‌లాంటి చోటును దృష్టిలో పెట్టుకుంటే ఆ నిర్ణయం సరైనదే. నమ్మకమున్న పాఠకుడు ఇంకో నమ్మకమున్న పాఠకుడికి చెప్పే పద్ధతి నెమ్మదే గానీ, దివానియా ఇన్నాళ్లు బతికింది దాని మీదే.

పాతవి నిలబెట్టడం

సర్వరు మూతపడితే అందులోని వ్యాసాలూ పోతాయి. మాస్టడాన్‌లో ఒక ఖాతా మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. ఏటీ ప్రోటోకాల్‌లో రచయిత నిల్వ మొత్తం కదిలించుకోవచ్చు. ఈ విషయంలో అది మెరుగు. తన సొంత డొమైన్ మీద వ్యాసం పెట్టి, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు (కొత్త రాత పడగానే పాఠకుడి రీడరుకు చేర్చే ఏర్పాటు) ఇచ్చి, నెట్‌వర్కులకు లంకె మాత్రమే పంపే పాత పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా గట్టిది.

నిలబెట్టడం ఎలాగో చూపినవారూ కువైట్ నుంచే వచ్చారు. కథలు కూడా రాసిన వ్యాపారవేత్త మహమ్మద్ అల్ షారిఖ్ 1982లో కంప్యూటర్లకు అరబ్బీ నేర్పే సఖ్ర్ సంస్థను అక్కడ మొదలుపెట్టారు. 1990 ఇరాకీ దాడి తర్వాత ఆ పని కైరోకు తరలింది. తర్వాతి కాలంలో ఆయన సొంత ఖర్చుతో అరబ్బీ సాహిత్య పత్రికల భాండాగారం కట్టించారు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చిన వందలాది పత్రికలు అందులో ఉన్నాయి. పత్రిక పేరుతో, సంవత్సరంతో, రచయిత పేరుతో ఏ వ్యాసాన్నైనా తెరవవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక రచయిత పేరు నొక్కితే ఆయన వేర్వేరు దేశాల పత్రికల్లో యాభై ఏళ్లలో రాసినదంతా ఒక వరుసలో నిలుస్తుంది. మాస్టడాన్ కొత్త పాఠకుడికి పాత వ్యాసాలు చూపలేకపోతున్న చోట సరిగ్గా ఇదే కావాలి. అల్ షారిఖ్ 2024 మార్చిలో మరణించారు. భాండాగారం నడుస్తోంది. తెలుగులో ఈమాట 1998 నుంచి వచ్చిన తన సంచికలన్నిటినీ రచయితల వారీగా తెరిచే ఉంచింది. వికేంద్రిత నెట్‌వర్కుల్లో తెలుగు పాఠకులకు దారి వేయాలనుకునేవారు మొదట లంకెలు కలపాల్సింది ఇలాంటి నిల్వలతోనే.